రెండు నుంచి ఏడు దాకా: లోబాల్ డ్రా పోకర్ ఆడటం ఎలా నేర్చుకోవాలి

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ పెళ్లికో పండుగకో చుట్టాలు ఒకచోట చేరి పత్తాల కట్ట విప్పారంటే, ఆడేది రమ్మీ అయినా అయి ఉంటుంది, తీన్‌పత్తా అయినా అయి ఉంటుంది. ఈ రెండూ వచ్చినవారికి లోబాల్ డ్రా పోకర్ చిటికెలో వచ్చేస్తుందని అందరూ అనుకుంటారు. నేను నేర్పినవారిలో మాత్రం పత్తాలే పట్టని మా మేనత్త ఒక్క సాయంత్రంలో ఆట పట్టుకుంటే, రమ్మీలో ఇరవై ఏళ్లుగా చేయి తిరిగిన బావ వారం దాకా తప్పులు చేస్తూనే ఉన్నాడు. చేతిలో వరుస కనిపించగానే సంబరపడటం రమ్మీ నేర్పిన అలవాటు. ఈ ఆటలో ఆ వరుసే కొంప ముంచుతుంది. తీన్‌పత్తాలో ముఫ్లిస్ ఆడినవారు, అంటే అందరికంటే చెత్త ముక్కలు ఉన్నవారిదే గెలుపు అనే పద్ధతి తెలిసినవారు, ఒక మెట్టు ముందే ఎక్కినట్టు లెక్క. లోబాల్ కూడా అదే తలకిందుల ఆట. కాకపోతే మూడు ముక్కలకు బదులు ఐదు ఉంటాయి, వాటిని మార్చుకునే అవకాశం ఉంటుంది.

ముక్కలు పంచడానికి ముందు పందెం సంగతి తేల్చుకోవాలి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు 1968లో చెప్పింది, ఆ కేసు పుట్టింది కూడా సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులోనే. కానీ అదే తీర్పు మూడుముక్కలాటను అదృష్టపు ఆట కింద వేరు చేసింది. తెలంగాణ 2017లో తన గేమింగ్ చట్టాన్ని సవరించడంతో ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ కూడా నిషేధంలోకి వచ్చింది, 2025లో కేంద్రం దేశమంతటా ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. కాబట్టి ఈ ఆటను ఇంట్లో, చింతగింజలతో నేర్చుకోవాలి. తలా వంద గింజలు చాలు. ఒకసారి పాలమూరు పల్లీలతో ప్రయత్నించాము గానీ, మూడో ఆటకే సగం పందెం కడుపులోకి పోయింది.

ఏ లోబాల్ ఆడుతున్నామో ముందే చెప్పుకోవాలి

లోబాల్ పేరుతో రెండు ప్రధానమైన పద్ధతులు ఉన్నాయి. ఒకటి ఆసు నుంచి ఐదు పద్ధతి. ఇందులో ఆసు అన్నిటికంటే చిన్న ముక్క, వరుసలూ కలర్లూ (ఐదూ ఒకే గుర్తు ముక్కలు పడటం) లెక్కలోకి రావు, అందువల్ల 5-4-3-2-ఆసు అన్నిటికంటే గొప్ప చేయి. రెండోది రెండు నుంచి ఏడు పద్ధతి, దీన్నే కాన్సాస్ సిటీ లోబాల్ అని కూడా అంటారు. ఇందులో ఆసు ఎప్పుడూ పెద్ద ముక్కే, పైగా వరుస వచ్చినా కలర్ వచ్చినా అవి మామూలు పోకర్‌లో ఎంత గొప్పవో ఇక్కడ అంత చెడ్డవి. కాబట్టి అన్నిటికంటే గొప్ప చేయి 7-5-4-3-2, అదీ ఐదు ముక్కలూ ఒకే గుర్తువి కానప్పుడు.

నా సలహా రెండో పద్ధతితోనే మొదలుపెట్టమని. మొదటిది సులువైనదే, కానీ అందులో వరుసల భయం లేకపోవడంతో రమ్మీ అలవాటు అలాగే మిగిలిపోతుంది. ఆట మధ్యలో ఒకరు ఆసును చిన్నదని, మరొకరు పెద్దదని అనుకుంటే గొడవ ఖాయం గనుక, పంచకముందే పద్ధతి పేరు పైకి చెప్పించాలి.

చేయి చదవడం

జోకర్లు తీసేసిన 52 ముక్కల కట్ట తీసుకొని, ఎవరితోనూ ఆడకుండా ఒక్కరే కూర్చొని ఐదేసి ముక్కలు రెండు వరుసల్లో పరిచి, వాటిలో ఏది గెలుస్తుందో చెప్పడం అలవాటు చేసుకోవాలి. ఇది గంట పని. కానీ దీన్ని దాటేసినవారు నెల తర్వాత కూడా షో దగ్గర, అంటే చివర్లో ముక్కలు తెరిచి చూపేటప్పుడు, తడబడుతూనే ఉంటారు.

చదివే తీరు ఇది. జోడీ, ట్రయల్ (ఒకే అంకె ముక్కలు మూడు), వరుస, కలర్ ఏవీ లేని చేతిలో ముందు అన్నిటికంటే పెద్ద ముక్కను చూడాలి. ఎవరి పెద్ద ముక్క చిన్నదైతే వారిదే గెలుపు. పెద్ద ముక్కలు సమానమైతే రెండోదాన్ని, అదీ సమానమైతే మూడోదాన్ని పోల్చాలి. ఉదాహరణకు ఒకరి దగ్గర 8-7-4-3-2, మరొకరి దగ్గర 8-6-5-4-3 ఉన్నాయనుకోండి. మొదటివారు తమ దగ్గర 2, 3, 4 అన్నీ ఉన్నాయని మురిసిపోతారు. గెలిచేది మాత్రం రెండోవారు, ఎందుకంటే ఎనిమిది తర్వాత ఏడుకంటే ఆరు చిన్నది, అక్కడితో పోలిక ఆగిపోతుంది. చేతిని కింది నుంచి కాకుండా పై నుంచి చదవాలన్న ఈ ఒక్క నియమం వంటబట్టడానికే ఎక్కువ సమయం పడుతుంది.

జోడీ పడిన చేయి, జోడీ లేని ఏ చేతికైనా ఓడిపోతుంది. ఆసు, రాజు, రాణి, జాకీ, 9 లాంటి ముతక చేయి కూడా రెండ్ల జోడీని ఓడిస్తుంది. ఇద్దరికీ జోడీలే పడితే చిన్న జోడీ గెలుస్తుంది.

ఏడు పెద్ద ముక్కగా ఉన్న మంచి చేతులు నాలుగే రకాలు: 7-5-4-3-2, 7-6-4-3-2, 7-6-5-3-2, 7-6-5-4-2. ఐదోది ఉండాలి కదా అని వెతికితే 7-6-5-4-3 దొరుకుతుంది గానీ అది వరుస, పనికిరాదు. ఈ నాలుగింటిలోనూ 2 ఉండటం గమనించారా? రెండు లేకుండా ఏడు చేయి కట్టడం కుదరదు. అందుకే ఈ ఆటలో రెండును, తీన్‌పత్తాలో ఆసును చూసినంత మర్యాదగా చూడాలి. ఐదు ముక్కలు పంచగానే ఈ నాలుగు రకాల్లో ఏదో ఒకటి నేరుగా పడటం సుమారు 637 సార్లకు ఒకసారి జరుగుతుంది. తొమ్మిది గానీ అంతకంటే మంచిది గానీ నేరుగా పడటం 49 సార్లకు ఒకసారి. ఈ లెక్క చూస్తే, ముక్కలు మార్చుకోవడమే ఆటకు ప్రాణమని అర్థమవుతుంది.

ఒక ఆట నడిచే క్రమం

మొదట ఒకే మార్పు ఉన్న ఆట ఆడండి. మూడు మార్పుల ఆట తర్వాత వస్తుంది. పంచేవారి ఎడమ పక్కన ఉన్నవారు ఒక గింజ, వారి పక్కవారు రెండు గింజలు ముక్కలు చూడకముందే పెట్టాలి. దీన్ని బ్లైండ్ అంటారు. తీన్‌పత్తాలో బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా ఆడటం గనుక మనవాళ్లు ఇక్కడ తికమక పడతారు. ఇది తీన్‌పత్తాలో ఆట మొదట్లో అందరూ కట్టే బూటు లాంటిదే, కాకపోతే అందరూ కాకుండా ఇద్దరే కడతారు. తర్వాత ఒక్కొక్కరికి ఐదు ముక్కలు బోర్లించి పంచాలి.

రెండు గింజలు పెట్టినవారి పక్కవారితో పందెం మొదలవుతుంది. ప్యాక్ చేయవచ్చు, అంటే ముక్కలు పడేసి ఆ ఆట వదులుకోవచ్చు, రెండు గింజలు కట్టి చాల్ వేయవచ్చు, లేదా మరో రెండు పెంచవచ్చు. ఒక విడతలో మొదటి పందెం మీద మూడు పెంపులకు మించకూడదని కట్టుబాటు పెట్టుకుంటే, రెచ్చిపోయి గింజలన్నీ ఒకే ఆటలో పోగొట్టుకునే పని ఉండదు. ఆ విడత ముగిశాక, పంచేవారి ఎడమ నుంచి ఒక్కొక్కరుగా తమకు వద్దనుకున్న ముక్కలను బోర్లించి పారేసి, అన్నే కొత్తవి తీసుకోవాలి. ఒక్కటీ మార్చకుండా ఉన్నవాటితోనే నిలబడవచ్చు. ఎన్ని మార్చుకుంటున్నారో అందరికీ వినబడేలా చెప్పాలి. ఆ తర్వాత రెండో విడత పందెం నాలుగేసి గింజలతో సాగుతుంది, మిగిలినవారు ఇద్దరు గానీ ఎక్కువ గానీ ఉంటే షో.

ఆరుగురు కూర్చుంటే పంచడానికే ముప్ఫై ముక్కలు పోయి కట్టలో ఇరవై రెండే మిగులుతాయి. అవి చాలకపోతే పారేసిన ముక్కలను మళ్లీ కలిపి వాడాలి. నేర్చుకునేటప్పుడు ముగ్గురో నలుగురో ఉంటే ఈ చిక్కు ఉండదు.

ఏ ముక్కలతో ఆటలోకి దిగాలి

అసలు విద్య ఇక్కడే ఉంది. ఒకే మార్పు ఉన్న ఆటలో సాధారణంగా నాలుగు మంచి ముక్కలు చేతిలో ఉండి, ఒకటే మార్చాల్సిన పరిస్థితి ఉంటేనే దిగాలి. రెండు మార్చాల్సి వస్తే, చివరగా ఆడే చోట కూర్చొని, అప్పటిదాకా ఎవరూ పెంచకపోతే మాత్రమే ఆలోచించవచ్చు. మూడు మార్చాలనుకునేవారు ప్యాక్ చేయడమే మేలు.

ఆ నాలుగు మంచి ముక్కలు ఏవి అన్న ప్రశ్న దగ్గరే రమ్మీ కన్ను మోసం చేస్తుంది. నేను ఈ ఆట కొత్తగా నేర్చుకుంటున్న రోజుల్లో, ఒక వేసవి మధ్యాహ్నం దేవరకొండలో చుట్టాలింట్లో, నా చేతిలో 3, 4, 5, 6, రాజు పడ్డాయి. నాలుగూ చిన్న ముక్కలే కదా అని పెంచాను, రాజును పారేశాను, ఏడు వచ్చింది. మళ్లీ పెంచాను, ఎదుటి ఆయన కూడా కట్టాడు. ముక్కలు పరిచి, "సీక్వెన్స్ పడ్డది గదా బావా!" అన్నాను. ఆయన పది పెద్ద ముక్కగా ఉన్న తన చేతిని నెమ్మదిగా తిప్పి, "పడ్డది, గందుకే ఓడినవ్" అన్నాడు. ఆ గింజలు లెక్కబెట్టి ఇస్తున్నప్పుడు అర్థమైన సంగతిని ఇప్పుడు అంకెల్లో చెబుతాను.

చేతిలో 3-4-5-6 ఉన్నప్పుడు 2 వచ్చినా వరుసే, 7 వచ్చినా వరుసే. ఎనిమిదిగా గానీ అంతకంటే మంచిగా గానీ చేయి కుదరాలంటే పనికొచ్చేది 8 ఒక్కటే. కట్టలో అవి నాలుగు. అదే 2-3-4-5 ఉంటే 6 వరుస చేస్తుంది గానీ 7, 8 పనికొస్తాయి, మొత్తం ఎనిమిది ముక్కలు. 2-3-4-7 ఉంటే 5, 6, 8 మూడూ పనికొస్తాయి, అంటే పన్నెండు ముక్కలు, వాటిలో ఎనిమిది ఏకంగా ఏడు చేతినే ఇస్తాయి. చూపుకు ముద్దొచ్చే 3-4-5-6 కంటే, మధ్యలో సందు ఉన్న 2-3-4-7 మూడు రెట్లు బలమైనది. రమ్మీలో సందు పూడ్చుకోవడానికి తంటాలు పడతాము. ఇక్కడ ఆ సందే మనకు రక్ష. ఇంకో జాగ్రత్త కూడా అవసరం: నాలుగూ ఒకే గుర్తువైతే, ఉదాహరణకు నాలుగూ ఇస్పేట్లే అయితే, ఐదో ఇస్పేటు వస్తే కలర్ పడి చేయి పాడవుతుంది గనుక దాని విలువ కొంత తగ్గుతుంది.

మార్పు లెక్క

2-3-4-7 పట్టుకొని రాజును పారేశామనుకుందాం. మనం చూసినవి ఐదు ముక్కలు, చూడనివి 47. ఆ 47లో 5లూ 6లూ కలిపి ఎనిమిది, 8లు నాలుగు, 9లు నాలుగు, 10లు నాలుగు, జాకీలు నాలుగు. జోడీ పడగొట్టే ముక్కలు, అంటే మిగిలిన 2, 3, 4, 7లు, పన్నెండు. తక్కిన పదకొండు రాణులూ రాజులూ ఆసులూ. కాబట్టి ఎనిమిది గానీ మెరుగైనది గానీ కుదిరే అవకాశం 47కు 12, అంటే నాలుగోవంతు. జోడీ పడి నాశనమయ్యే అవకాశం కూడా సరిగ్గా అంతే. తొమ్మిదిదాకా అయితే మూడోవంతు, పదిదాకా అయితే వందకు 43 పాళ్లు, జాకీదాకా అయితే సగం పైచిలుకు.

ఈ చివరి అంకెను గుర్తుపెట్టుకుంటే చాలా నిర్ణయాలు తేలికవుతాయి. మీ చేతిలో మార్చనక్కర్లేని పది చేయి ఉండి, ఎదుటివారు ఒక ముక్క మారుస్తుంటే నిలబడండి. ఎక్కువసార్లు గెలుపు మీదే. జాకీ చేయి అయితే ఇంచుమించు చెరిసగం. రాణి చేయి అయితే నిలబడటం కంటే ఆ రాణిని పారేయడమే మంచిది, కింది నాలుగూ బాగున్నప్పుడు మాత్రం. కానీ మీకంటే ముందు ఆడినవారు ఒక్క ముక్కా మార్చకుండా నిలబడితే లెక్క మారిపోతుంది. వారి దగ్గర తొమ్మిదో పదో ఉన్నట్టే అనుకోవాలి, అప్పుడు మీ జాకీ చేయి దాదాపు ఓడిన చేయే, దాన్ని విరగ్గొట్టి కొత్త ముక్క తీసుకోవాలి.

ఎదుటివారి మార్పులను లెక్కించడం

ఈ ఆటలో ఎదుటివారి ముక్క ఒక్కటి కూడా మీకు కనబడదు. రమ్మీలోనైతే ఎవరు ఏ ముక్క ఎత్తారో, ఏది పారేశారో చూసి చేతిని ఊహించవచ్చు. ఇక్కడ పారేసే ముక్కలు కూడా బోర్లించే ఉంటాయి. మీకు దొరికే సమాచారం రెండే: ఎన్ని గింజలు కట్టారు, ఎన్ని ముక్కలు మార్చారు. అందుకే ముఖాలు చూడటం కంటే లెక్క పెట్టడం మీద మనసు పెట్టాలి. పెంచి ఆడి రెండు ముక్కలు మార్చినవారు తొందరపాటు మనుషులు. చాల్ మాత్రమే వేసి ఒక్కటీ మార్చనివారు ముతక చేతితో భయపడుతూ నిలబడ్డవారు కావచ్చు, గొప్ప చేతిని దాచుకున్నవారూ కావచ్చు. అదే మనిషి రెండో విడతలో ఏం చేస్తాడో నాలుగైదు ఆటలు గమనిస్తే తేలుతుంది.

చివరగా ఆడేవారికి, అంటే పంచేవారికి, ఉన్న లాభం ఇదే. మిగతా అందరి మార్పులూ విన్న తర్వాత తన నిర్ణయం తీసుకోవచ్చు. అందరికంటే ముందు ఆడాల్సిన చోట ఉన్నప్పుడు అరకొర చేతులతో దిగకపోవడం, పంచే వంతు వచ్చినప్పుడు కాస్త చొరవ చూపడం ఈ ఆటలో సగం తెలివి. నేను పంచే వంతు కోసమే ఎదురుచూస్తూ మిగతా చోట్ల వరుసగా ప్యాక్ చేస్తుంటే, పిసినారినని ఇంట్లో పేరు పెట్టారు. ఆ పేరు వచ్చాక నేను పెంచితే ఎవరూ కట్టడం లేదన్నది వేరే సంగతి.

ఇక దొంగ నిలబాటు గురించి. చేతిలో ఏమీ లేకపోయినా ఒక్క ముక్కా మార్చకుండా నిలబడి, రెండో విడతలో పందెం కట్టి, ఎదుటివారిని ప్యాక్ చేయించడం ఈ ఆటలో ఒప్పుకున్న ఎత్తు. దీనికి తగిన సమయం మీ చేతిలో 2-2-2-4-4 లాంటివి పడినప్పుడు. ముక్కలుగా అవి చెత్త. కానీ మూడు రెండ్లు మీ దగ్గరే ఉన్నాయంటే ఎదుటివారికి మంచి చేయి కుదరడం కష్టమని మీకు ఒక్కరికే తెలుసు. నలుగురు ఆటలో ఉన్నప్పుడు ఈ పని చేయకూడదు, ఎవరో ఒకరు కట్టేస్తారు. ఎదురుగా ఒక్కరే ఉండి, ఆ ఒక్కరూ ముక్క మార్చుకున్నవారై ఉండాలి. రాత్రికి ఒకసారికి మించి చేస్తే మాత్రం పిల్లలు కూడా పట్టేస్తారు.

మూడు మార్పుల ఆటకు వెళ్లడం

పదిహేను ఇరవై ఆటలయ్యాక, షో దగ్గర ఎవరు గెలిచారో ఎవరినీ అడగకుండా చెప్పగలుగుతున్నారంటే మూడు మార్పుల ఆటకు వెళ్లవచ్చు. ఇందులో పంచగానే ఒక విడత, ప్రతి మార్పు తర్వాత ఒక విడత, మొత్తం నాలుగు విడతల పందెం ఉంటుంది; మొదటి రెండింటిలో రెండేసి గింజలు, చివరి రెండింటిలో నాలుగేసి. ఇందాకటి 2-3-4-7కు ఒక మార్పులో నాలుగోవంతుగా ఉన్న అవకాశం, రెండు మార్పుల్లో వందకు 45, మూడు మార్పుల్లో దాదాపు 60 అవుతుంది. అందువల్ల ఇక్కడ రెండు ముక్కలు మార్చాల్సిన 2-3-7, 2-3-4 లాంటి చేతులతో కూడా దిగవచ్చు, కానీ వాటిలో 2 ఉండి తీరాలి. ఒకే మార్పులో గర్వంగా నిలబడ్డ పది చేయి, ఇక్కడ మొదటి మార్పు దగ్గర అంత గొప్పది కాదు. ఎదుటివారికి ఇంకా మూడు అవకాశాలు ఉన్నాయి.

ఇంట్లో ఎవరూ తోడు లేని రోజున సాధనకు ఒక పద్ధతి చెబుతాను. నాలుగు చేతులు పంచుకొని అన్నీ తెరిచి పెట్టండి. ప్రతి చేతి నుంచి ఏవి పారేయాలో నిర్ణయించి, కారణం పైకి చెప్పి, ఆ తర్వాతే కట్టలోంచి ముక్క తీయండి. ఒక కాగితం మీద మీ నిర్ణయం, వచ్చిన ముక్క, కుదిరిన చేయి రాసుకోండి. వచ్చిన ముక్క బాగుంది గనుక నిర్ణయం మంచిదని, చెడ్డది వచ్చింది గనుక తప్పని రాయవద్దు. 3-4-5-6కు 8 తగిలినా ఆ నిర్ణయం పక్కన తప్పు గుర్తే పెట్టండి.